బహుభాషా నగరంలో తెలుగు వీధి: హైదరాబాదు, 1901–1948

హైదరాబాదు రాజ్యంలో తెలుగు వికాసాన్ని వివరించే చరిత్రలలో ఒక వరుస స్థిరపడి ఉంది. ఉర్దూ రాజభాష కావడం వల్ల తెలుగుకు ఉన్నత విద్యలో, కచేరీలో చోటు దక్కలేదు. 1901లో గ్రంథాలయం, 1921లో ఆంధ్ర జన సంఘం, 1926లో గోలకొండ పత్రిక, 1930లో ఆంధ్ర మహాసభ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1948లో ఆ దశ ముగిసింది. ఈ వరుసలోని సంఘటనలను గాని, తేదీలను గాని కాదనవలసిన పని లేదు. కాని ఈ కథనంలో నగరం ఒక నేపథ్యంగా మాత్రమే మిగిలిపోతుంది. ఈ సంస్థలు ఏ పేటలో పుట్టాయి, ఆ పేట ఎవరి ఏలుబడిలో ఉండేది, దాని ఇరుగుపొరుగున ఏ భాషలు వినిపించేవి అన్న ప్రశ్నలు సాధారణంగా పక్కకు జరుగుతాయి. ఆ ప్రశ్నలను ముందుకు తెచ్చినప్పుడు పరిచితమైన కథ కొంత మారుతుంది.

హైదరాబాదులో ఉర్దూకు రెండు ముఖాలున్నాయి. ఒకటి ఫర్మానాలలో, న్యాయస్థానాలలో, విశ్వవిద్యాలయంలో కనిపించే రాజ్యభాష. రెండవది బజారులో, ఊరేగింపులో, చాయ్ దుకాణంలో తెలుగు, మరాఠీ, కన్నడ భాషలతో కలిసి తిరిగిన దక్కనీ. మొదటిది తెలుగును గడప బయట నిలిపింది. రెండవదానితో తెలుగుకు నిత్య సహవాసం ఉంది. తెలుగు సంస్థలను నిర్మించినవారిలో ముఖ్యులు ఈ రెండవ లోకంలో పెరిగినవారు, ఆ భాషలలో ఆరితేరినవారు. ఈ భేదాన్ని నగర వీధుల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కూడలిగా పుట్టిన నగరం

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నిర్మించిన చార్మినార్ ఒక కూడలి. గోలకొండ కోట నుంచి మచిలీపట్నం రేవుకు పోయే వర్తక మార్గం ఈ ప్రాంతం మీదుగానే సాగేది. దానికి ముందే 1578లో మూసీపై పురానాపూల్ వెలసింది. కోట లోపలి నగరానికి భిన్నంగా, దారుల కలయిక చుట్టూ రూపొందిన నగరం ఇది. వజ్రాలు, వస్త్రాలు, గుర్రాలు నడిచిన ఆ దారిలో తెలుగు, పారసీకం, అరబ్బీ, దక్కనీ మాటలు కూడా నడిచాయి. నగర నిర్మాత తాను దక్కనీ కవి. వసంతాన్ని, వానకాలాన్ని, స్థానిక పండుగలను ఆయన తన కవిత్వానికి వస్తువులుగా తీసుకున్నాడు.

ఆ కాలంలో తెలుగుకు ఆస్థానం పరాయిది కాదు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో సింహాసనం ఎక్కకముందు విజయనగరంలో ఏడేళ్లు ఆశ్రయం పొందినవాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యంగా ప్రసిద్ధమైన యయాతి చరిత్రను పొన్నగంటి తెలగనార్యుడు పటాన్‌చెరువులోని అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. సంస్కృత సమాసాలు వదలి తేట తెలుగులో రాసిన మొదటి కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం ఉద్యోగి కావడం సాహిత్య చరిత్రలో తరచు ప్రస్తావనకు వచ్చేదే. భాష ఒకటి, మతం మరొకటి అయినంత మాత్రాన ఆదరణకు అడ్డు లేదని అది చెబుతుంది.

1687లో గోలకొండ పతనంతో ఆ అనుబంధం తెగింది. 1763లో నిజాం అలీఖాన్ కాలంలో ఆసఫ్‌జాహీల రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు పారసీకం ఆస్థాన భాషగా కొనసాగింది. 1880వ దశకంలో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. తెలుగు మాత్రం నగరం విడిచిపోలేదు. ఆస్థానం నుంచి వీధికి దిగింది.

ఆ వీధి ఎటువంటిదో పేటల పేర్లే చెబుతాయి. కార్వాన్ సాహుకార్ల స్థావరం. బేగంబజార్ మార్వాడీ, గుజరాతీ వర్తకులది. ధూల్‌పేటలో ఉత్తరాది నుంచి వచ్చిన లోధీలు స్థిరపడ్డారు. అరబ్బు సైనికుల బారకాసుల పేరే బార్కస్‌గా నిలిచింది. ఆఫ్రికా మూలాలున్న అశ్వికుల దళం పేరు ఏ.సి. గార్డ్స్‌లో ఉంది. పాతనగరంలో కాయస్థుల దేవిడీలు, రెసిడెన్సీ పరిసరాలలో మరాఠీ కుటుంబాలు, సికింద్రాబాదులో తమిళులు, పార్సీలు ఉండేవారు. వీరందరి నడుమ కూలి పనికి, వ్యాపారానికి, చదువుకు, వకీలు వృత్తికి జిల్లాల నుంచి వచ్చిన తెలుగువారు ఉన్నారు.

ఈ సహజీవనాన్ని ఊరేగింపులు స్పష్టంగా చూపిస్తాయి. ముహర్రం పదవ రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బయలుదేరే అలం ఏనుగుపై పాతనగరం దాటి మూసీ ఒడ్డున ఉన్న చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢ బోనాల ముగింపులో హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుంచి ఘటం కూడా ఏనుగుపైనే చార్మినార్ మీదుగా మూసీ వైపు, నయాపూల్ దాకా సాగుతుంది. రెండింటికీ వాహనం ఒకటే, చార్మినార్ పరిసరాల దారులు ఒకటే, గమ్యంగా నది ఒకటే. ఈ పోలిక మత సమ్మేళనానికి తార్కాణమని అనేయడం తొందరపాటు. కొన్ని సంవత్సరాలలో ఇవే వీధులు ఘర్షణలనూ చూశాయి. కాని వీధిని వాడుకోవడానికి ఒక ఉమ్మడి వ్యాకరణం ఏర్పడిందని మాత్రం ఈ పోలిక నిర్ధారిస్తుంది. ఎవరి పండుగ వారిదే అయినా ఊరేగింపు రీతి అందరిదీ అయింది.

కచేరీ మాట, గల్లీ మాట

తెలంగాణ తెలుగులోని ఉర్దూ, పారసీక పదాలను సాధారణంగా అన్యదేశ్యాలన్న ఒకే తరగతిలో చేర్చి లెక్కిస్తారు. వాటిని వాడుక స్థలాన్ని బట్టి విడదీస్తే రెండు కుప్పలు తేలుతాయి. కచేరీ, తహసీలు, జమాబందీ, జప్తు, దస్తావేజు, వకాలత్‌నామా, హుకుం, జుర్మానా వంటివి మొదటివి. గల్లీ, సడక్, దుకాణం, కిరాయి, దవాఖానా, దర్వాజ, దోస్తు, జల్ది, షురూ, చాయ్ వంటివి రెండవవి. మొదటి కుప్పలోని మాటలు పైనుంచి కిందికి దిగినవి. రైతు వాటిని వినేవాడే తప్ప చాలావరకు తాను పలికేవాడు కాదు. పలికినా అర్జీ పెట్టుకున్నప్పుడో, శిక్ష పడ్డప్పుడో పలికేవాడు. రెండవ కుప్పలోని మాటలు ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి అడ్డంగా పాకినవి. వాటి వెంట భయం లేదు.

ఈ రెండింటి మధ్య దూరం రాజధాని కంటే తాలూకా కేంద్రంలో మరింత కనిపిస్తుంది. గోదావరి ఉత్తరపు ఒడ్డున, ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉండిన లక్సెట్టిపేట ఇందుకు మంచి ఉదాహరణ. తహసీలు కచేరీలో దస్త్రం ఉర్దూ. అంగడిలో బేరం తెలుగు. తాలూకా అడవి గ్రామాలలో గోండి. జిల్లా పడమటి భాగానికి పోయేకొద్దీ మరాఠీ. భూమి హక్కు నిర్ణయమయ్యే కాగితం ఒక భాషలో, ఆ భూమిని దున్నే వారి మాట మరొక భాషలో ఉండడం వల్ల ఈ రెంటి మధ్య నిలబడి చదివి చెప్పేవాడు పలుకుబడి సంపాదించాడు. పట్వారీ, వకీలు, అర్జీలు రాసే మున్షీ ఇటువంటి మధ్యవర్తులు. భాషా సమస్య తెలంగాణలో పండితుల సమస్యగా గాక భూమి సమస్యగా, అన్నం సమస్యగా మారడానికి మూలం ఈ మధ్యవర్తిత్వంలో ఉంది.

వీధి భాషలో ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. దక్కనీలో నిరాకరణను తెలిపే ‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చింది. ఒకరి మాటను ఉటంకించేటప్పుడు దక్కనీ వక్త వాక్యం చివర ‘బోల్‌కే’ అని చేరుస్తాడు. ఉత్తరాది ఉర్దూలో ఇటువంటి సందర్భంలో ‘కి’ అనే సంధాయకం ముందు వచ్చి, ఉటంకింపు దాని తరువాత వస్తుంది. ‘వస్తానని చెప్పాడు’ అన్న తెలుగు వాక్యంలోని ‘అని’ చేసే పనినే ‘బోల్‌కే’ చేస్తోంది. అంటే తెలుగువాడు దక్కనీ నుంచి నామవాచకాలు తీసుకుంటే, దక్కనీ తెలుగు మొదలైన ద్రావిడ భాషల నుంచి వాక్య నిర్మాణాన్నే తీసుకుంది. పదాలు బజారులో ఒక్క రోజులో చేతులు మారగలవు. వాక్యం మారాలంటే తరాల ఇరుగుపొరుగు కావాలి. హైదరాబాదు వీధుల్లో తెలుగు ఎంత బలంగా వినిపించేదో చెప్పే సాక్ష్యాలలో ఇది ఒకటి. అది ఉర్దూ వాక్యంలోనే దాగి ఉంది.

రెసిడెన్సీ బజారు నీడలో

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం హైదరాబాదు రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు స్వగృహంలో ప్రారంభమైంది. మునగాల రాజా నాయని వేంకట రంగారావు, కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, ఆదిపూడి సోమనాథరావు మొదలైనవారు దాని వెనుక ఉన్నారు. తెలంగాణలో ఆధునిక తెలుగు సంస్థల చరిత్ర ఇక్కడ మొదలవుతుందని అందరూ అంగీకరిస్తారు. అయితే ఆ ఇల్లున్న స్థలానికి తగినంత ప్రాధాన్యం ఇవ్వలేదు.

పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో మూసీకి ఉత్తరాన బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ భవనం కట్టించిన తరువాత దాని చుట్టూ ఒక వర్తక వాడ పెరిగింది. నిజాం రాజధానిలో భాగంగా కనిపించినా రెసిడెన్సీ బజార్ల పాలన రెసిడెంటు చేతిలో ఉండేది. 1933లో అవి నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కాయి. సుల్తాన్ బజార్ అన్న పేరు అప్పుడే స్థిరపడింది. సాహుకార్లు, వకీళ్లు, మరాఠీ విద్యావంతులు, మద్రాసు రాజధాని నుంచి వచ్చిన ఉద్యోగులు ఈ వాడలో కలిసేవారు. ఒక వీధి దాటితే చట్టం మారే చోటు ఇది. తెలుగు గ్రంథాలయం ఇటువంటి సరిహద్దు వాడలో పుట్టడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. నిజాం ఏలుబడిలో సభలకు, బడులకు, గ్రంథాలయాలకు అనుమతుల భారం తరువాతి దశాబ్దాలలో ఎంత పెరిగిందో, ముందస్తు అనుమతి లేనిదే సభ జరపరాదన్న గస్తీ నిషాన్ 53 ఎంత అపఖ్యాతి పొందిందో గుర్తుచేసుకుంటే ఈ స్థలం విలువ తెలుస్తుంది.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. తెలుగు సంస్థకు ఆ వెసులుబాటు వలస పాలన నీడలో దొరికింది. కోస్తాలో జాతీయోద్యమం బ్రిటిషు అధికారాన్ని ఎదిరిస్తూ తెలుగును ఆయుధంగా మలచుకుంటున్న రోజులకు కొంచెం ముందుగా, హైదరాబాదులో తెలుగు అదే అధికారపు అంచున తలదాచుకుంది. ఉద్యమ చరిత్ర రాసినవారు ఈ విషయాన్ని దాచలేదు గాని, దాని మీద నిలవలేదు.

గ్రంథాలయానికి పెట్టిన పేరు కూడా ఆలోచింపజేస్తుంది. కుతుబ్‌షాహీలు కట్టిన నగరంలో, తెలుగు కవులను ఆదరించిన కుతుబ్‌షాహీ సుల్తాను ఉండగా, స్థాపకులు విజయనగర చక్రవర్తిని ఎంచుకున్నారు. అదే సుల్తాను 1565లో విజయనగరంపై యుద్ధంలో పాల్గొన్నవాడన్నది చరిత్ర. 1901లో తెలుగు విద్యావంతులకు కావలసింది ఆంధ్రులందరినీ కలిపే స్మృతి. రాయలు కోస్తాకు, సీమకు, తెలంగాణకు సమానంగా పరిచితుడు. ఆ ఎంపికలో నగరపు సొంత గతానికి చోటు దొరకలేదు.

1906లో ఇదే బృందం హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర 1907లో దాని తొలి ప్రచురణగా వెలువడింది. మరుసటి ఏడు, 1908లో, మండలి మద్రాసుకు తరలిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమందిని బలిగొంది. మండలి వెళ్లిపోయినా గ్రంథాలయం నిలిచింది. 1921లో సొంత భవనంలోకి మారింది. ప్రచురణ సంస్థకు పెద్ద మార్కెట్టు కావాలి, అది మద్రాసులో ఉంది. చదువుకునే గదికి వీధి చాలు, అది హైదరాబాదులో ఉంది.

1921 నవంబరు: వేదిక మీద నవ్వు

1921 నవంబరు 12న నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ వివేకవర్ధిని పాఠశాల ప్రాంగణంలో జరిగింది. అధ్యక్షుడు స్త్రీవిద్యకు అంకితమైన మహర్షి కర్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభ్యులు శ్రద్ధగా విన్నారు. వకీలు ఆలంపల్లి వేంకట రామారావు తెలుగులో మాట్లాడబోగానే అల్లరి, నవ్వులు లేచాయి. తెలుగువారు సభ వదలి బయటికి వచ్చారు. టేకుమాళ్ల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జన సంఘాన్ని ఏర్పరచారు. మాడపాటి హనుమంతరావు దాని ప్రాణమయ్యారు.

ఈ ఘట్టం తెలంగాణ చరిత్ర పుస్తకాలన్నింటిలో కనిపిస్తుంది. సాధారణంగా దానిని ఉర్దూ ఆధిపత్యంపై తిరుగుబాటుగా చెబుతారు. స్థలాన్ని పరిశీలిస్తే ఆ వ్యాఖ్య కొంత సడలుతుంది. వివేకవర్ధిని మరాఠీ విద్యావంతులు నెలకొల్పిన విద్యాసంస్థ. సభ సర్కారు ఏర్పాటు చేసినది కాదు. నవ్వినవారిలో అత్యధికులు నిజాం ఉద్యోగులు కారు. సంస్కరణ వాదులు, సాటి ప్రజాభాష మాట్లాడేవారు. తెలుగు మాట్లాడేవారు రాజ్య జనాభాలో దాదాపు సగం. పదహారు జిల్లాలలో తెలుగు జిల్లాలు ఎనిమిది, మరాఠీ జిల్లాలు ఐదు, కన్నడ జిల్లాలు మూడు. సంఖ్యలో ముందున్న భాషను చూసి సంఖ్యలో వెనుక ఉన్న భాషవారు నవ్వారంటే అక్కడ పనిచేసినది సంఖ్యాబలం కాదు. పుణె, బొంబాయి నగరాల విద్యాసంప్రదాయం మరాఠీకి ఇచ్చిన గౌరవం హైదరాబాదు వేదిక మీద తెలుగుకు అప్పటికి లేదు. తెలుగు బజారులో వినదగినదే, వేదిక మీద వినదగినది కాదు అన్న భావం ఆ నవ్వులో ఉంది.

కనుక 1921లో దెబ్బతిన్నది వీధిలో తెలుగు ఉనికి కాదు, సభలో తెలుగు మర్యాద. ఆంధ్ర జన సంఘం తొలి కార్యక్రమాలు ఈ సంగతినే ధ్రువపరుస్తాయి. గ్రంథాలయాల స్థాపన, శాసనాల సేకరణ, తాళపత్రాల అన్వేషణ, విద్యార్థులకు ప్రోత్సాహం వంటివి గౌరవాన్ని సంపాదించే పనులు. 1922లో ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలను వెతికి ప్రచురించడం ఇందులో భాగమే. నవ్వినవారికి సమాధానం ఆధారాలతో చెప్పాలని ఆ తరం నిశ్చయించుకుంది.

ఆ తరం స్వయంగా బహుభాషా తరం. మాడపాటి ఉర్దూ పత్రిక ముషీరె దక్కన్‌లో పనిచేశారు. ప్రేంచంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. బూర్గుల రామకృష్ణారావు పారసీక కవి సర్మద్ రుబాయీలను తెలుగు చేశారు. ఉర్దూ దినపత్రిక రయ్యత్‌ను నడిపిన మందుముల నరసింగరావు 1937లో నిజామాబాదు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఉర్దూ పత్రికా సంపాదకుడు ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు కావడం ఇతర తెలుగు ప్రాంతాలలో ఊహించడం కష్టం. హైదరాబాదులో అది సహజంగా జరిగింది.

పత్రిక, సంచిక, పుస్తకాల సంచి

1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. ఈ పేరును 1901 నాటి గ్రంథాలయపు పేరు పక్కన పెట్టి చూడాలి. పాతికేళ్ల కింద విజయనగరం వైపు చూసిన స్మృతి ఇప్పుడు నగరపు గుమ్మంలోని కోట వైపు తిరిగింది. తెలుగు, ముస్లిం పాలన పరస్పరం విరుద్ధం కాని కాలానికి గుర్తు గోలకొండ. ఆ పేరు పెట్టడంలో ప్రభుత్వాన్ని నొప్పించకుండా తెలుగు హక్కును నిలబెట్టే నేర్పు కూడా ఉంది. పాలకులు తమదిగా భావించే గతం నుంచే తెలుగు తన సాక్ష్యాన్ని తెచ్చుకుంది.

తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు బదులుగా సురవరం 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. 354 మంది కవుల రచనలు అందులో ఉన్నాయి. ఆ సంచికను కవితా సంకలనంగా కంటే జనాభా లెక్కగా చదవడం సమంజసం. ప్రతి పేరూ ఒక ఊరిని, ఒక తాలూకాను నమోదు చేస్తుంది. 1921లో ఒక వక్తను చూసి నవ్విన నగరానికి 1934లో మూడువందల యాభైకి పైగా గొంతులతో సమాధానం వచ్చింది. వాటిలో పెక్కు జిల్లాల నుంచి తపాలా ద్వారా నగరానికి చేరిన గొంతులు. నగర వీధిలో అచ్చయిన సంచిక గ్రామాల ఉనికికి రుజువైంది.

అచ్చయిన పుస్తకం పాఠకుడిని చేరడానికి మాత్రం కాళ్లు కావాలి. ఆ కాళ్లు వట్టికోట ఆళ్వారుస్వామివి. 1938లో ఆయన సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. తక్కువ వెలకు పుస్తకాలు ముద్రించి, తానే సంచిలో మోసుకుంటూ వీధి వీధి తిరిగి అమ్మారు. తరువాతి కాలంలో ప్రజల మనిషి నవల రాసిన ఈ రచయిత సాహిత్య జీవితం గ్రంథాలయంలో కంటే కాలిబాట మీద ఎక్కువ గడిచింది. రెసిడెన్సీ బజారులో ఒక ధనిక గృహంలో మొదలైన తెలుగు పఠనం నాలుగు దశాబ్దాలు తిరగకముందే గడప దాటి వీధిలోకి, చేతిసంచిలోకి వచ్చింది. ఈ మార్పు వర్గ స్వభావంలో మార్పు. గ్రంథాలయం స్థాపించినవారు దొరలు, దివానులు, వకీళ్లు. పుస్తకాలు మోసినవాడు పేద కుటుంబం నుంచి వచ్చిన కార్యకర్త.

మరొక మెట్టు కింద

తెలుగును బాధిత భాషగా మాత్రమే చూపే చరిత్ర ఉత్తర తెలంగాణకు వచ్చేసరికి చిక్కులో పడుతుంది. ఆదిలాబాదు జిల్లాలో గోండి, కొలామి మాట్లాడే ప్రజలకు ఉర్దూ కచేరీ ఎంత దూరమో తెలుగు అంగడి కూడా దాదాపు అంతే దూరం. వడ్డీ వ్యాపారి, భూమి పట్టా చేయించుకున్న వలసదారు, మున్షీ తెలుగు లేదా మరాఠీ మాట్లాడేవారే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణానికి దారితీసిన వివాదం అడవి, భూమి హక్కులది. ఆ హక్కుల కాగితం గోండుల భాషలో ఎన్నడూ లేదు.

ఆ తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పరిస్థితుల పరిశీలనకు నియమించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. విశ్వవిద్యాలయంలో తెలుగును బోధనా భాషగా అంగీకరించని రాజ్యమే అడవి పల్లెలో గోండి వాచకాలను ముద్రించింది. దీనికి ఉదారత ఒక్కటే కారణం అనలేము. అశాంతిని చల్లార్చవలసిన అవసరం అందులో ఉంది. అయినా తెలుగు పరిశోధకుడికి ఇందులో ఒక పాఠం ఉంది. 1921లో తెలుగు అడిగినది వేదిక. అదే వేదికను ఇరవై ఏళ్ల తరువాత గోండికి ఇవ్వవలసి వచ్చినప్పుడు తెలుగు సంస్థల ఎజెండాలో ఆ ప్రశ్నకు ప్రముఖ స్థానం లభించలేదు. లక్సెట్టిపేట అంగడిలో గోండు రైతు తెలుగు నేర్చుకున్నాడు. అతని భాషను నేర్చుకోవలసిన అగత్యం తెలుగు వర్తకుడికి అంతగా కలగలేదు. బహుభాషా వీధిలోనూ మెట్లు ఉంటాయి. పై మెట్టు మీద నిలిచినవాడికి అవి కనిపించవు.

1948 ఆగస్టు

ఉర్దూ అంటే రాజ్యం, తెలుగు అంటే ప్రజ అన్న సమీకరణాన్ని అన్నిటికంటే తీవ్రంగా ప్రశ్నించే ఘటన కూడా వీధిలోనే జరిగింది. రయ్యత్ పత్రికలో పనిచేసిన యువ పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ 1947 నవంబరులో ఇమ్రోజ్ అన్న ఉర్దూ దినపత్రికను ప్రారంభించాడు. హైదరాబాదు భారత యూనియన్‌లో చేరాలని, రజాకార్ల హింస ఆగాలని సంపాదకీయాలు రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రికా కార్యాలయం నుంచి ఇంటికి వెళుతుండగా కాచిగూడ ప్రాంతంలో అతనిపై దాడి జరిగింది. కాల్చడమే గాక రాసిన చేతిని నరికారు. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. నెల తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం సైన్యం లొంగిపోయింది.

ఆ చేయి రాసినది ఉర్దూలో. దానిని నరికినవారు ఉర్దూ రాజ్యాన్ని కాపాడుతున్నామని చెప్పుకున్నవారు. భాషను రాజ్యంతో ఏకం చేసి చదివే చరిత్రకు షోయబుల్లాఖాన్‌ను ఉంచే చోటు దొరకదు. వీధి నుంచి చదివే చరిత్రలో అతని చోటు స్పష్టం: మాడపాటి ఉర్దూ వ్యాసాలు, మందుముల ఉర్దూ పత్రిక, సురవరం తెలుగు సంపాదకీయాలు నిలిచిన వరుసలోనే అతని స్థానం.

1948 తరువాత పాతనగర ముస్లిం జీవనపు విచ్ఛిన్నతను తెలుగు కథలో నమోదు చేసినవాడు నెల్లూరి కేశవస్వామి. ఆయన చార్మినార్ కథలు, యుగాంతం కథ ఆ కాలపు మనుషులను గెలిచినవారిగానో ఓడినవారిగానో విడదీయక ఇరుగుపొరుగువారిగా చూశాయి. దాశరథి 1961లో గాలిబ్ గీతాలను తెలుగు పాఠకుడికి అందించారు. నిజాం జైలులో గడిపిన కవి ఉర్దూ మహాకవిని అనువదించడంలో ప్రతీకారం గాని, క్షమాపణ గాని వెతకనవసరం లేదు. ఆయన చిన్ననాటి వీధిలో వినిపించిన భాష అది.

ఉపసంహారం

పై పరిశీలన మూడు విషయాలను తేల్చుతుంది. మొదటిది, హైదరాబాదులో తెలుగు సంస్థలు రెండు ఏలుబడుల సరిహద్దున ఉన్న బహుభాషా వాడలలో పుట్టాయి. వాటి రూపానికి ఆ స్థలం కారణమైంది. రెండవది, 1901 నుంచి 1926 వరకు తెలుగు విద్యావంతుల స్మృతి విజయనగరం నుంచి గోలకొండకు మారింది. ఇది నగరాన్ని పరాయిదిగా చూడడం మాని తమదిగా చెప్పుకోవడానికి గుర్తు. మూడవది, ఆధిపత్యం ఒక్క ఉర్దూ రాజ్యం నుంచే రాలేదు. సంస్కారసభలో మరాఠీ విద్యావంతుల నవ్వుగా అది తెలుగుకు ఎదురైంది. అడవి అంగడిలో తెలుగు వర్తకుని ఉపేక్షగా గోండికి ఎదురైంది.

తెలంగాణ సాహిత్య చరిత్రను ఇకపై రాసేటప్పుడు తెలుగు రచనలను మాత్రమే ఆధారంగా తీసుకుంటే పై మూడు విషయాలూ జారిపోతాయి. ముషీరె దక్కన్, రయ్యత్, ఇమ్రోజ్ పత్రికల పాత సంచికలు, మరాఠీ సంస్థల దస్త్రాలు, తాలూకా కచేరీల ఉర్దూ కాగితాలు, గోండి వాచకాలు కూడా తెలుగు సాహిత్య చరిత్రకు ఆకరాలే. వాటిని చదవగల తరం తరిగిపోతోంది. తెలుగు శాఖలలో పరిశోధకులకు దక్కనీ, మోడీ లిపి, గోండి నేర్పే ఏర్పాటు జరగనంత కాలం ఈ చరిత్రలో సగం మూతపడే ఉంటుంది.